రేషన్ బియ్యంతో రాత్రి వంట: అందరి కంచంలోనూ ఉండాల్సినవి



ఇంట్లో రోగి ఉన్నప్పుడు మందుల చీటీని జాగ్రత్తగా దాచుకుంటాం. ఏ మాత్ర పొద్దున, ఏ మాత్ర రాత్రి అని అడిగి తెలుసుకుంటాం. కానీ రాత్రి పొయ్యి మీద ఏం వండుతున్నామో, అది ఎవరి కంచంలోకి ఎంత వెళ్తోందో మాత్రం ఎవరూ రాసుకోరు. మందుతో పాటు కడుపులోకి వెళ్లే అన్నం కూడా వైద్యంలో భాగమే. అందుకే ఈ సంచికలో తక్కువ ఖర్చుతో, రేషన్ బియ్యంతో, రైతుబజారు కూరగాయలతో, పని నుంచి వచ్చాక అరగంట ముప్పావుగంటలో చేసుకోగలిగే రాత్రి భోజనాల గురించి రాస్తున్నాను.

ముందుగా నా పొరపాటు

కొన్నేళ్ల క్రితం గర్భిణీల ఓపీకి ఒక అమ్మాయి వచ్చింది. రెండో కాన్పు, ఆరో నెల. హిమోగ్లోబిన్ 7.8. ఐరన్ మాత్రలు ఇచ్చి, ఆహారం గురించి అలవాటైన పాఠం చెప్పాను: యాపిల్, దానిమ్మ, ఖర్జూరం, పాలు, మాంసం తినాలి అని. ఆమె తల ఊపింది. నెల తర్వాత మళ్లీ వచ్చింది. హిమోగ్లోబిన్ 7.4కు పడిపోయింది. నాకు కోపం వచ్చింది. "చెప్పినవి తినలేదా బిడ్డా?" అని కొంచెం గట్టిగానే అడిగాను.

"యాపిల్ పండ్లు కిలో ఎంతున్నయో మీకు ఎరికేనా సిస్టరమ్మా?" అంది మెల్లగా.

నాకు నోట మాట రాలేదు. అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, మొదట్లోనే అడగాల్సిన ప్రశ్న అడిగాను: "నిన్న రాత్రి ఏం వండినవ్?"

"అన్నం, పప్పు, పచ్చి పులుసు. పప్పు ఆయనకు, అత్తమ్మకు, పిల్లగానికి సరిపోయింది. నేను పచ్చి పులుసు పోసుకొని తిన్న."

మాత్రలు కూడా రాత్రి అన్నం తిన్నాక టీతో వేసుకుంటోందని అప్పుడే తెలిసింది. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అంటే ఆ ఇంట్లో పప్పు లేక కాదు, మందు లేక కూడా కాదు. రెండూ ఆమెకు అందలేదు. ఆ రోజు నుంచి నేను యాపిల్ మాట ఎత్తడం మానేశాను. "నిన్న రాత్రి ఏం వండారు, మీ కంచంలోకి ఏం వచ్చింది?" అని అడుగుతున్నాను.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో అయితే పదిమందిలో ఏడుగురికి ఉంది.

రేషన్ బియ్యం ఎంతవరకు?

1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినప్పుడు, మా వయసు వారి ఇళ్లలో అదొక పెద్ద ధైర్యం. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీ మొదలైంది. ఆహార భద్రత కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకు 6 కిలోలు ఉచితం. దొడ్డు బియ్యం వద్దని అమ్ముకున్న ఇళ్లలో కూడా ఇప్పుడు కంట్రోల్ బియ్యమే వండుతున్నారు. మంచిదే.

అయితే ఒక చిన్న లెక్క వేసుకుందాం. నలుగురు ఉన్న ఇంటికి నెలకు 24 కిలోలు వస్తాయి. అంటే రోజుకు 800 గ్రాములు, మనిషికి 200 గ్రాములు. ఇందులో సుమారు 700 కేలరీల శక్తి ఉంటుంది. మాంసకృత్తులు మాత్రం 15 గ్రాములే. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 45 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే ఇంకా 30 గ్రాములు మిగతా వాటి నుంచి రావాలి. బియ్యం ఉచితంగా వచ్చింది కదా అని అన్నం పెంచుకుంటూ పోతే ఈ లోటు తీరదు. కడుపు నిండుతుంది, ఒంటికి బలం రాదు. బియ్యం మీద మిగిలిన డబ్బును పప్పు మీద, గుడ్డు మీద, ఆకుకూర మీద పెట్టాలి. ఈ వ్యాసం సారాంశం ఇదే.

ఆ 30 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయో చూడండి:

- కందిపప్పు లేదా పెసరపప్పు 50 గ్రాములు (ఒక గుప్పెడు): సుమారు 11 గ్రాములు
- కోడిగుడ్డు ఒకటి: సుమారు 6 గ్రాములు
- పల్లీలు 25 గ్రాములు (చిన్న గుప్పెడు): సుమారు 6 గ్రాములు
- పాలు ఒక గ్లాసు లేదా అంతే పెరుగు: సుమారు 6 గ్రాములు

మొత్తం 29. మిగిలింది కూరగాయల్లో వస్తుంది. గుడ్డు తినని వారు మీల్ మేకర్ వాడుకోవచ్చు. సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలిన పిండితో వాటిని చేస్తారు. 100 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 50 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి. మనిషికి 15 గ్రాములు చాలు.

ఎక్కడ కొనాలి, ఎలా కొనాలి

పప్పులు: మనిషికి రోజుకు 50 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు 6 కిలోలు కావాలి. అంతా కందిపప్పే కొనాలంటే భారమవుతుంది. కంది, పెసర, శనగ, ఎర్రపప్పు, బొబ్బర్లు, అనుములు కలిపి కొనండి. ఏ వారం ఏది చవకగా ఉంటే అది ఎక్కువ తీసుకోండి. బలంలో వాటి మధ్య పెద్ద తేడా లేదు.

కూరగాయలు: దళారులు లేకుండా రైతులే నేరుగా అమ్ముకునేలా 1999 జనవరిలో మన రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. హనుమకొండ రైతుబజారులో బోర్డు మీద రాసిన ధర చూసి కొనుక్కోవచ్చు. ఊళ్లలో ఉన్నవారికి వారం వారం అంగడి ఉంటుంది. చీకటి పడే వేళకు ఆకుకూర ధర తగ్గుతుంది. అయితే కుళ్లినవి ఏరుకోకండి. తెచ్చిన రోజే కడగకుండా, తడి బట్టలో చుట్టి పెట్టుకుంటే మర్నాటికి నిలుస్తుంది. వండే ముందు రెండు మూడు నీళ్లలో కడిగి, ఆ తర్వాతే తరగాలి.

సూపర్ మార్కెట్: ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే బోర్డు చూడగానే చెయ్యి చాచకండి. అవి ఎక్కువగా బిస్కెట్లు, నూడుల్స్, కూల్ డ్రింకుల మీదే ఉంటాయి. పప్పు, పల్లీల మీద తగ్గింపు ఉంటే మాత్రం వదలకండి. ప్యాకెట్ ధర కాదు, కిలో ధర ఎంత పడిందో లెక్క చూడండి. గడువు తేదీ చదవండి.

కారం: మనది మిర్చి పండే జిల్లా. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా మిరపకాయలు కొని పట్టించుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. విడిగా అమ్మే పొడి కన్నా అదే శుభ్రం.

నూనె: మనిషికి నెలకు అర లీటరు దాటకూడదు. నలుగురికి 2 లీటర్లు. నెల మొదట్లో కొలిచి ఒక సీసాలో పోసి పెట్టుకుంటే ఎంత వాడుతున్నామో మనకే తెలుస్తుంది.

ఇంకొక మాట. రోగిని చూడటానికి వచ్చే బంధువులు బ్రెడ్డు, యాపిల్ పండ్లు, హెల్త్ డ్రింక్ డబ్బా తెస్తారు. ప్రేమతోనే తెస్తారు, కాదనను. అదే డబ్బుతో కోడిగుడ్లు, కిలో పప్పు తెచ్చి ఇచ్చినా ఎవరూ తక్కువగా చూడరు. రోగి ఇంటికి వెళ్లాక పది రోజులు కూరకు వెతుక్కోవలసిన పని ఉండదు.

ఐదు రాత్రులు, ఐదు వంటలు (నలుగురికి)

సోమవారం: తోటకూర పప్పు
కందిపప్పు 150 గ్రాములు కడిగి అరగంట నానబెట్టండి. పసుపు, రెండు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు వేసి కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్ రానివ్వండి. మూత తీశాక రెండు కట్టల తోటకూర సన్నగా తరిగి వేసి, ఐదు నిమిషాలు ఉడికించి ఉప్పు వేయండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎల్లిపాయ, ఎండుమిర్చితో పోపు పెట్టండి. కంచంలో వడ్డించుకున్నాక నిమ్మకాయ పిండుకోండి. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టడానికి ఆ నిమ్మరసం సాయం చేస్తుంది. తోటకూర దొరకని రోజు పాలకూర, మెంతికూర, గంగవాయిలికూర ఏదైనా సరే. మునగాకు పెరట్లో ఉంటే అది ఉచితమే.

మంగళవారం: సొరకాయ కోడిగుడ్డు పులుసు
నాలుగు గుడ్లు ఉడకబెట్టి గాట్లు పెట్టండి. మూడు ఉల్లిగడ్డలు, అల్లం ఎల్లిపాయ ముద్ద వేయించి, అరకిలో సొరకాయ ముక్కలు, రెండు టమాటాలు వేసి మగ్గనివ్వండి. కారం, ధనియాల పొడి, నిమ్మకాయంత చింతపండు రసం పోసి, మరిగాక గుడ్లు వేసి పది నిమిషాలు ఉంచండి. నాలుగు గుడ్లు ఎందుకంటే ఇంట్లో మనుషులు నలుగురు. మూడు వండి "నాకు పులుసు చాలు" అనవద్దు.

బుధవారం: పెసరపప్పు కిచిడి, పచ్చి పులుసు
ఆలస్యంగా ఇల్లు చేరిన రోజుకు ఇది సులువు. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పెసరపప్పు. క్యారెట్, బీన్స్, ఆలుగడ్డ, ఏది ఉంటే అది. పసుపు, ఉప్పు వేసి అదే గ్లాసుతో ఏడెనిమిది గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానివ్వండి. కారం ముందే వేయకుండా, చివర పోపులో వేయండి. అప్పుడు పోపుకు ముందే చంటి పిల్లలకు, జ్వరంతో ఉన్నవారికి మెత్తగా కొంత తీసి పెట్టవచ్చు, విడిగా వండే పని ఉండదు. పక్కన పచ్చి పులుసు, వేయించిన పల్లీలు.

గురువారం: బొబ్బర్ల కూర, జొన్న రొట్టె
పొద్దున పనికి వెళ్లే ముందు పావుకిలో బొబ్బర్లు నానబోయండి. రాత్రికి కుక్కర్‌లో నాలుగు విజిల్స్ చాలు. ఉల్లిగడ్డ, టమాటా, కారం వేసి కూరలా దగ్గరకు చేయండి. ఒక చెంచా నువ్వుల పొడి కలిపితే చిక్కబడుతుంది, రుచి వస్తుంది. రొట్టె చేసే ఓపిక లేని రోజు అన్నంలోకి కూడా బాగుంటుంది. నానిన వాటిలో కొన్ని గుడాలుగా ఉడికించి పెడితే బడి నుంచి వచ్చిన పిల్లలకు చిప్స్ ప్యాకెట్ అవసరం ఉండదు.

శుక్రవారం: మీల్ మేకర్ టమాటా కూర
60 గ్రాముల మీల్ మేకర్‌ను వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, చల్లనీళ్లలో వేసి రెండుసార్లు గట్టిగా పిండండి. అలా చేస్తేనే పసరు వాసన పోతుంది. ఉల్లిగడ్డ, నాలుగు టమాటాలు, అల్లం ఎల్లిపాయ ముద్ద, మసాలాలు మామూలుగా వేసి పావుగంట ఉడికించండి. మాంసం కూర తిన్నట్టే ఉంటుందని పిల్లలు ఇష్టంగా తింటారు.

శనివారం మిగిలిన కూరగాయలన్నీ వేసి పప్పుచారు పెట్టుకోండి. ఆదివారం కోడి కూర చేసుకునేవారు కిలో బదులు అరకిలో తెచ్చి, అందులో సొరకాయ గానీ ఆలుగడ్డ గానీ వేయండి. మిగిలిన డబ్బుతో వారానికి గుడ్లు వస్తాయి.

గంజి పారబోయకండి

మన పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలో ఉంది కదా. అది 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. బెరిబెరి ఎందుకు వస్తుంది? బియ్యం బాగా తెల్లగా పట్టించి, పదిసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే బి1 విటమిన్ అంతా పోతుంది. ఆ రోజుల్లో కోస్తా జిల్లాల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉండేది. ఇప్పుడు అంతగా కనిపించకపోయినా పాఠం మారలేదు. బియ్యం రెండుసార్లు కడిగితే చాలు. నీళ్లు సరిపడా పోసి ఇగిర్చి వండండి. గంజి వార్చే అలవాటు ఉంటే ఆ గంజిని పప్పుచారులో గానీ కూరలో గానీ పోయండి.

రాత్రి మిగిలిన అన్నాన్ని వేడి మీద మూత పెట్టి అలాగే వదలకండి. చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే నీళ్లు పోసి ఉంచి పొద్దున్నే తినేయండి, మధ్యాహ్నం దాకా ఉంచవద్దు. ఎండాకాలంలో పప్పు, గుడ్డు కూర మిగిల్చవద్దు.

ఒకే పొయ్యి, రకరకాల రోగులు

షుగర్ ఉన్నవారికి వేరే వంట అక్కర్లేదు, కంచంలో వడ్డించే తీరు మారాలి. సగం కంచం కూరగాయలు, పావు వంతు పప్పు లేదా గుడ్డు, పావు వంతు మాత్రమే అన్నం లేదా రొట్టె. ఆలుగడ్డ కూరగాయల లెక్కలోకి రాదు, అన్నం లెక్కలోకి వస్తుంది. జొన్న రొట్టె అయినా లెక్క ప్రకారమే తినాలి.

బీపీ ఉన్నవారు మొత్తం రోజుకు ఒక చెంచా (5 గ్రాములు) ఉప్పు దాటకూడదు. కూరలో తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం పెట్టుకుంటే తగ్గించినట్టు కాదు.

కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ వ్యాసంలో రాసిన పప్పులు, ఆకుకూరలు, మీల్ మేకర్ మొదలుపెట్టే ముందు తప్పకుండా డాక్టరుగారిని అడగాలి. వారి లెక్క వేరు.

రక్తహీనత ఉన్నవారు ఆహారం బాగుంది కదా అని మాత్రలు మానవద్దు. తోటకూర, నువ్వులు మేలు చేస్తాయి గానీ తగ్గిన రక్తాన్ని త్వరగా పెంచేది మాత్రే. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కదా అని రక్తం పడుతుందనుకోవడం పొరపాటు. భోజనానికి, మాత్రకు అటూ ఇటూ గంటసేపు టీ, కాఫీ వద్దు.

క్షయ రోగి ఇంట్లో

క్షయ ఉన్న ఇంటివారు ఈ సంగతి జాగ్రత్తగా చదవాలి. 2019లో ఝార్ఖండ్‌లో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. 2,800 మంది క్షయ రోగుల ఇళ్లను తీసుకుని, కొన్ని ఇళ్లలో రోగితో కలిసి ఉండే పెద్దలందరికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో ఫలితాలు వచ్చాయి. అలా ఇచ్చిన ఇళ్లలో మిగతావారికి క్షయ సోకడం సుమారు 40 శాతం తగ్గింది.

గమనించారా? ఖరీదైన మందు ఏమీ కాదు. మన వంటింట్లో ఉన్న బియ్యమూ కందిపప్పే. నెలకు కిలోన్నర అంటే పైన చెప్పిన రోజుకు 50 గ్రాముల లెక్కే. చికిత్సలో ఉన్న క్షయ రోగికి పోషణ కోసం ప్రభుత్వం ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెంచారు. బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వనివారు టీబీ యూనిట్‌లో ఇవ్వండి. ఆ డబ్బు పప్పు, గుడ్ల కోసమే ఖర్చు పెట్టండి.

రేషన్ కార్డులో కొత్త కోడలి పేరు, పుట్టిన పిల్లల పేర్లు లేని ఇళ్లు చాలా ఉన్నాయి. మీసేవలో దరఖాస్తు చేసుకోండి. ఒక్క పేరు లేకపోతే నెలకు 6 కిలోలు పోయినట్టే.

చివరిగా వడ్డన

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. తర్వాతిసారి అత్తగారిని కూడా వెంట తీసుకురమ్మన్నాను. ఆమె మంచి మనిషే. "ఇంటి ఆడది కడకు తినుడే కదమ్మా, మేం గట్లనే తిన్నం" అంది. నేను వాదించలేదు. హిమోగ్లోబిన్ కాగితం చూపించి, కాన్పులో రక్తం పోతే తల్లికి ఎంత ప్రమాదమో చెప్పాను. ఒక్కటే పని అడిగాను: పప్పు దించగానే ముందు నాలుగు గిన్నెల్లో సమానంగా పోసి పెట్టండి, ఆ తర్వాత ఎవరు ఎప్పుడు తిన్నా పర్వాలేదు అని.

ఆమె కాసేపు ఆలోచించి, "గిన్నెలు నేనే సర్దుత తియ్యి" అంది.

మాత్ర వేళ మార్చుకుంది, టీ మానేసింది, వారంలో నాలుగు రోజులు గుడ్డు తిన్నది. తొమ్మిదో నెలకు హిమోగ్లోబిన్ 9.8కి వచ్చింది. ఇంకా తక్కువే, కానీ రక్తం ఎక్కించాల్సిన అవసరం లేకుండా కాన్పు అయింది. ఆడపిల్ల. ఆ ఇంటి ఖర్చు ఎంత పెరిగిందని అడిగితే, నెలకు కిలో పప్పు, కొన్ని గుడ్లు అంతే అన్నారు. అందులో కొంత టీ పొడి, చక్కెర తగ్గించుకున్న డబ్బే.

కాబట్టి ఈ రాత్రి మీ ఇంట్లో ఏం వండినా సరే, వడ్డించే ముందు ఒక్కసారి గిన్నెలు లెక్కపెట్టండి. ఇంట్లో ఎంతమంది ఉన్నారో అన్ని గిన్నెల్లో పప్పు ఉందా? వండిన మనిషి గిన్నె కూడా అందులో ఉందా? ఉంటే మీ ఇంట్లో సగం వైద్యం జరిగినట్టే.